పక్కకు తిరిగిన ముఖాలు

మార్కాపురం చుట్టుపక్కల పెళ్లి వీడియో తీసేవాళ్లకు తాళి కట్టే ఘడియ తప్పిపోయినా క్షమాపణ దొరుకుతుంది గానీ, భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ల ముఖాలు తప్పిపోతే దొరకదు. తాళిదేముంది, అయ్యవారిని బతిమాలుకుంటే పెళ్లికొడుకును మళ్లీ వంగోబెట్టి తీసుకోవచ్చు. పెళ్లికొడుకు పెదనాయన రెండో బంతిలో కూర్చుని గోంగూర పచ్చడి మారు వేయించుకున్న సంగతి వీడియోలో లేకపోతే మాత్రం ఆయన ఇక ఆ గడప తొక్కడు. తర్లుపాడు దగ్గర ఒక పెళ్లిలో అదే జరిగింది. మేనమామ ముఖం రాలేదని పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద విసిరికొట్టి, "మా మామ పెండ్లికి రాలేదని ఊరంతా అనుకుంటాండారు. ఆయన వచ్చినాడని ఇప్పుడు నువ్వొచ్చి చెప్పు పా" అని నలుగురు మనుషులు స్టూడియోలో పొద్దుగూకేదాకా కూర్చున్నారు.

ఆ రోజు వాళ్లకు టీలు పోసి, మాటలు పడి, ఎక్కడో బూందీ లడ్ల బుట్ట వెనక మేనమామ సగం ముఖం వెతికి పట్టుకున్నది స్వర్ణలత. అప్పటినుంచి ఆమె ఒక నియమం పెట్టుకుంది. బంతిలో కూర్చున్న ప్రతి మనిషీ కనపడాలి. కెమెరాను చూసి నవ్వేవాళ్లతో బాధ లేదు. సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు, గ్లాసు ఎత్తి నీళ్లు తాగుతున్నట్టు నటించేవాళ్లు, పక్కకు తిరిగిపోయేవాళ్లు ఉంటారు. వీడియో చేతికొచ్చాక 'మేమెక్కడ' అని ముందు అడిగేది వాళ్లే. అందుకని స్వర్ణలత అట్లాంటివాళ్ల దగ్గర ఆగి, ముందుకూ వెనక్కూ జరిపి, రెప్పపాటు కాలం ముఖం ఇటు తిరిగిన చోటు పట్టుకుని, దాన్ని కాస్త దగ్గరికి లాగి, నిదానం చేసి పెట్టేది. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు గిద్దలూరు దాకా లేరని తోటి స్టూడియోలవాళ్లే ఒప్పుకునేవారు.

ఆమెది బేస్తవారిపేట దగ్గర కంది, సజ్జ వేసుకుని వానకోసం మబ్బులకేసి చూసే ఇల్లు. మేనత్త రోశమ్మ కొడుకు సురేంద్రకిచ్చి చేశారు. రోశమ్మ పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించి కొడుకును పెంచింది. సురేంద్రకు కెమెరా భుజానికెత్తుకుంటే ఒళ్లు తెలియదు, కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం నిద్ర ముంచుకొస్తుంది. పెళ్లయిన కొత్తలో అతని పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్న పిల్ల, అతను తూగుతున్నప్పుడల్లా మౌసు తీసుకుని తీసుకుని, చివరికి కుర్చీ కూడా తీసుకుంది. బస్టాండు వెనక సందులో, ఒకప్పుడు పలకలు పేర్చిన వాళ్లింటి ముందుగదిలో, చెన్నకేశవ డిజిటల్స్ అట్లా నడిచింది. తీసేది అతను, కోసి కుట్టేది ఆమె.

తర్వాత చేతిలో ఫోనున్న ప్రతి బామ్మర్దీ కెమెరామెన్ అయ్యాడు. ఒంగోలు నుంచి డ్రోన్లు పట్టుకుని కుర్రాళ్లు దిగారు. స్టూడియోకు బేరాలు తగ్గాయి. ఆ సమయంలోనే ఒక ఏజెంటు తగిలి, చలిదేశంలో గోడౌను పని, సామాన్లు డబ్బాల్లో సర్దడమే, రెండేళ్లు కళ్లు మూసుకుంటే చాలు అన్నాడు. సురేంద్ర నిజంగానే కళ్లు మూసుకున్నాడు. విమానం దిగాక పాస్‌పోర్టు తీసుకున్నారు, చదవడం రాని భాషలో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఆకుపచ్చ బట్టలిచ్చారు. ఆ దేశం పక్క దేశంతో యుద్ధం చేస్తోంది. పేరు ఇక్కడ రాయను. రాస్తే సురేంద్రకు కలిగే మేలు ఏమీ లేదు, కీడయితే కలగొచ్చు.

అతన్ని తీసుకుపోయి పడేసింది యుద్ధంలో పట్టుకున్న ఒక చిన్న ఊళ్లో. ఊరు వాళ్లది, తుపాకులు వీళ్లవి. ఆ ఊరివాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో లోకానికి చూపించాలని సైన్యం అక్కడ సినిమాల విభాగం ఒకటి పెట్టింది. దానికొక ఆఫీసరు. ఊళ్లో పాత స్టూడియో ఉంటే తలుపు పగలగొట్టి అందులో దిగాడు. స్టూడియో సొంతదారు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. రోజూ ఒక చిన్న సినిమా తయారు కావాలి. కరెంటు వచ్చింది, బడి తెరిచారు, రొట్టెలు పంచారు, జనం నవ్వుతున్నారు. సాయంత్రానికి ఊరి నడుమ పెద్ద తెర మీద వేసి, నెట్‌లో కూడా పెడతారు.

సురేంద్ర నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్‌ను స్వర్ణలత మిద్దె మీద బట్టలు ఆరేస్తూ విన్నది.

"స్వర్ణా, ఇక్కడ కెమెరా ఎవురికన్నా వచ్చా అని అడిగితే చెయ్యెత్తినా. గుండ్లు మోసే పని తప్పింది. కానీ ఎడిటింగు కూడా నాకే వచ్చని చెప్పినా. అట్ల చెప్పకపోతే తీసుకునేట్టు లేరు. నాకేడొచ్చు, నీకు తెలుసు గదా. నువ్వు చెయ్యాల. నాతో వచ్చినోళ్లను కాల్పుల ముందుకు తోలినారు. వాళ్లు మళ్లా కనపడలే."

తడి చీర భుజం మీదే ఉండిపోయింది. ఆమె దాన్ని ఆరేయడం మరచిపోయి కిందికి దిగి కంప్యూటరు వేసింది.

పని ఇట్లా సాగేది. పొద్దున తీసినవాటి చిన్న సైజు కాపీలు సురేంద్ర పంపేవాడు. మార్కాపురంలో మధ్యాహ్నం భోజనాల వేళకు అవి దిగేవి. ఆమె వాటిమీద కోతలన్నీ కోసి, వరుస కుదిర్చి, ఆ లెక్క ఉన్న ఫైలు తిరిగి పంపేది. అతను అక్కడ దాన్ని అసలు వీడియోలకు తగిలించి ఆఫీసరుకు చూపించేవాడు. కెమెరా కార్డులు తక్కువ కాబట్టి సాయంత్రం కాగానే పొద్దుటివన్నీ తుడిచేసి మర్నాటికి సిద్ధం చేయాలి. చివరికి మిగిలేది స్వర్ణలత కోసిందే. కరెంటు పోతుందేమో, నెట్ ఆగుతుందేమో, ఆఫీసరుకు నచ్చదేమో అని ఆమెకు ప్రతి మధ్యాహ్నం భయమే. ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోయడం మానని ఇల్లు సందులో అదొక్కటే.

రోశమ్మకు సగమే చెప్పారు. కొడుకు అక్కడ వీడియోలు తీస్తున్నాడు, కోడలు ఇక్కడ కలుపుతోంది. ఎవరి వీడియోలు, ఎందుకు అనేది చెప్పలేదు. ఆమె కూడా ఏదో సందేహం ఉన్నా అడిగి తెలుసుకునే ధైర్యం లేక ఊరుకుంది.

రొట్టెల పంపకం వీడియో వచ్చిన రోజు స్వర్ణలతకు ఒక రకంగా ప్రాణం లేచొచ్చింది. బడి, కరెంటు స్తంభాలు ఆమెకు కొత్త. ఇది తెలిసిన పని. ఒక పొడుగు వరుస, ఒక చివర వడ్డన, ఇంకో చివర ఆకలి. బంతే గదా అనుకుంది. సురేంద్ర కూడా అలవాటు కొద్దీ వరుస మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషినీ వదలకుండా తీసుకుంటూ పోయాడు. కొందరు కెమెరాను చూసి కండువాలు ముఖం మీదికి లాక్కున్నారు. నీలం టోపీ పెట్టుకున్న ఒక మనిషి, కెమెరా దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా గోడ వైపుకు తిరిగిపోయాడు. సిగ్గు కాబోలు అనుకుంది స్వర్ణలత. మగవాడికి ఇంత సిగ్గేమిటని ఒంటరిగా కూర్చుని నవ్వుకుంది కూడా. వెతికి వెతికి, రొట్టె అందుకునేటప్పుడు అతని ముఖం ఇటు తిరిగిన రెప్పపాటు పట్టుకుంది. దగ్గరికి లాగింది. నిదానం చేసింది. చుట్టూ పెళ్లి వీడియోల్లో వేసే పూలతీగల అంచు వేసింది.

ఆఫీసరుకు ఎంతో నచ్చింది. సురేంద్ర వీపు తట్టి మాంసం డబ్బా ఇచ్చాడట. "నీ పుణ్యమే స్వర్ణా" అన్నాడు సురేంద్ర. ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

రెండు రోజులు గడిచాక అతని గొంతు మారింది. మాటలు మెల్లగా, ఎవరో తలుపు దగ్గర ఉన్నట్టు వచ్చాయి.

"ఆ నీలం టోపీ మనిషి ఉండాడు సూడు. బడి బస్సు నడిపేటోడంట. వానికోసం వీళ్లు ఎప్పటినుంచో వెతుకుతాండారంట. తెర మీద సూసి గుర్తుపట్టి, ఇంట్లోంచి తీసకపోయినారు. వాని పెండ్లాం పొద్దున్నుంచి స్టూడియో గేటు కాడ నిలబడింది. నేను బయటికి పోతే నన్నే సూస్తాంది. నేనేం చేసినానో ఆమెకు తెలుసో తెలీదో."

స్వర్ణలత ఆ మెసేజ్‌ను మళ్లీ వినలేదు. వినక్కర్లేదు, ప్రతి మాటా దిగిపోయింది. అన్నం ముద్ద నోటి దాకా పోయి వెనక్కి వచ్చింది. ఆ మనిషి గోడకేసి తిరిగింది సిగ్గుతో కాదు. తెలియని ఊళ్లో, తెలియని మనిషి ప్రాణం మీదికి తెచ్చింది తన చెయ్యి. మార్కాపురంలో మెచ్చుకున్న పనే చేసింది, ఇంకా శ్రద్ధగా చేసింది. ఆమె చాలాసేపు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చింది, అత్తకు వినపడకూడదని.

మళ్లీ రొట్టెల పంపకం వచ్చింది. ఈసారి సురేంద్ర ముందే చెప్పాడు. "ఆఫీసరు గట్టిగా చెప్పినాడు. పోయినసారి మాదిరే అందరి ముఖాలు ఉండాలంట. తిప్పుకున్నోళ్లవి ముఖ్యంగా. నేను తియ్యకుండా ఉండేటందుకు లేదు, పక్కనే నిలబడి ఏడేడ తియ్యాల్నో ఏలు పెట్టి సూపించినాడు. స్వర్ణా, నాకేం తోచటం లేదు. నీ ఇష్టం." మెసేజ్ చివర ఇంకొక మాట ఉంది. "పెట్టకపోతే నన్నూ ముందుకు తోల్తాడు," అన్నాడు.

నీ ఇష్టం అంటే ఎంత సులువు. స్వర్ణలతకు ఆ క్షణం భర్త మీద కూడా కోపం వచ్చింది. చెయ్యెత్తినవాడు అతను, నియమం పెట్టుకున్నది తను, నడుమ ఈ ముక్కూముఖం తెలియని జనం.

వీడియోలు దిగాయి. వరుస కదిలింది. ఈసారి సగానికి సగం మంది పక్కకు తిరిగారు. ఊరంతటికీ సంగతి తెలిసిపోయిందన్నమాట. తెలిసి కూడా రొట్టె కోసం వచ్చి నిలబడ్డారు. వరుసలో నీలం టోపీ మనిషి భార్య ఉందో లేదో ఆమెకు తెలియదు. ప్రతి నడివయసు ఆడమనిషీ ఆమే అనిపించింది.

వెనక ఎప్పుడొచ్చిందో రోశమ్మ, గుమ్మంలో నిలబడి తెర చూస్తోంది.

"ఎవురే వీళ్లు? మొఖాలు దాచుకుంటాండారేంది?"

ఇక దాచడం స్వర్ణలత వల్ల కాలేదు. టోపీ మనిషి దగ్గరనుంచి 'ముందుకు తోల్తాడు' దాకా మొత్తం చెప్పింది. రోశమ్మ మంచం పట్టె మీద కూర్చుని విన్నది. చట్రాలు బిగించీ బిగించీ వంకరపోయిన వేళ్లను ఒళ్లో పెట్టుకుంది.

"పెట్టు," అన్నది చివరికి.

"అత్తా."

"నాకు వాళ్లెవురో తెలీదు. నా కొడుకు తెలుసు. పాపం తగిల్తే నాకు తగల్నీ. పెట్టమంటాండా గదా, పెట్టు."

అనేసి లేచి వంటింట్లోకి పోయింది. స్వర్ణలత ఆమెను తప్పు పట్టలేదు. తనకు కూడా ఆ మాటే నాలుక చివర ఉంది. పెడితే అయిపోతుంది. మాంసం డబ్బా వస్తుంది, సురేంద్ర పొయ్యి పక్కన వెచ్చగా పడుకుంటాడు. ఆమె మౌసు పట్టుకుని ఒక ముసలామె దగ్గర ఆగింది. కండువా జారినప్పుడు ముఖం ఇటు తిరిగింది. చాలా తేలిక, ఒక్క నొక్కు. నొక్కలేదు. ఆ ముసలామె ముఖం మీద రోశమ్మకు ఇప్పుడున్న భయమే ఉంది. ఆమెకు కూడా కొడుకు ఉండి ఉంటాడు, అతనెక్కడో దాక్కుని ఉంటాడు.

పెళ్లిళ్ల పనిలో స్వర్ణలతకు ఇంకో విద్య కూడా ఉంది, దాన్ని బయటికి చెప్పుకోరు. దాయాది పాలోళ్ల మధ్య తగాదాలున్న ఇళ్లవాళ్లు వచ్చి, ఫలానావాళ్లు బంతికొచ్చారు గానీ మా వీడియోలో కనపడకూడదు, కనపడలేదని వాళ్లకు తెలియనూ కూడదు అంటారు. అప్పుడు ఆమె గరిటెలు చూపిస్తుంది. ఆకులో పడుతున్న పప్పు, పాయసం పొగ, వడ్డించే చేతులు, పరిగెత్తే పిల్లల కాళ్లు, సన్నాయి. పాట ఊపులో చూసేవాడికి బంతి నిండుగానే కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె చేతులు చూపించింది. రొట్టె ఇచ్చే చేతులు, పుచ్చుకునే చేతులు, పొగలు కక్కే బుట్టలు, బురదలో బూట్లు, జెండా, మళ్లీ జెండా, ఆఫీసరు నవ్వు. ముఖాల్లో కెమెరాను నేరుగా చూసినవాళ్లను మాత్రం ఉంచింది. తిరిగిపోయినవాళ్లను ఒక్కరిని కూడా రానివ్వలేదు. పంపించేశాక కంప్యూటరు కట్టేసింది. భర్త మెడకు తనే కత్తి పెట్టానేమో అనుకుంది. సరిగ్గా అదే అనుకుంది, వేరే మాటల్లో చెప్పడానికి లేదు.

కాసేపటికి సురేంద్ర ఫోన్ చేశాడు.

"ఇదొక్కటేనా పంపినావు?"

"ఒకటే బావా."

"ముఖాలుండేది వేరే చేసి ఉన్నావేమో, పంపుతావేమోనని అడిగినా. లేదంటే సరే. ఉన్నా పంపాకు," అన్నాడు. "మా అమ్మకు కాలినొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"ఉంటా."

మర్నాడు మధ్యాహ్నం వీడియోలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. స్వర్ణలత ఫోన్‌ను కొంగున కట్టుకుని తిరిగింది. పొయ్యిలో కట్టె పేలినా, పక్కింటి కుక్కర్ కూసినా ఉలిక్కిపడింది. అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నారు. పెళ్లివాళ్లెవరో ఆల్బమ్ కోసం వస్తే స్వర్ణలత తలుపు తీయనే లేదు.

తర్వాత వీడియోలు వచ్చాయి. సురేంద్ర నంబరు నుంచే వచ్చాయి. కానీ తెరవగానే ఆమెకు తేడా తెలిసిపోయింది. కెమెరా ఊగుతోంది, మనుషుల తలలు తెగిపోతున్నాయి, వెలుతురు ఎదురుగా కొడుతోంది. ఇది సురేంద్ర చెయ్యి కాదు. కింద తెలుగులో ఒక మెసేజ్. మనిషి రాసిన తెలుగు కాదు, ఫోను అనువాదం చేసి ఇచ్చిన తెలుగు.

"గౌరవనీయ భార్య. పని మీరు చేయుచున్నారు అని మేము కనుగొంటిమి. మంచి పని. భర్త మంచిగా ఉన్నాడు. విదేశీ వీరులు స్వంత ఇష్టముతో యుద్ధమునకు వెళ్లుచున్నారు. ముఖాలు అన్నీ కావాలి. ఆనందము కావాలి. శీఘ్రముగా పంపవలెను."

లారీ ఎక్కుతున్న మనుషులు. నల్లవాళ్లు, చామనఛాయవాళ్లు, అందరికీ ఒకే రకం బట్టలు, ఒకే రకం బరువైన టోపీలు. చాలామంది కెమెరాను చూసి తల తిప్పుకున్నారు. లారీ వెనక చెక్క దగ్గర కూర్చున్న ఒకడు తిప్పుకోలేదు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. నేరుగా కెమెరాలోకి చూశాడు. లారీ కదిలేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఎన్ని వందల ముఖాలను చదివి ఉంటుందో స్వర్ణలత. ఈ ముఖాన్ని చదవలేకపోయింది. నువ్వే చేశావు అంటున్నాడా? అట్లాగే కనిపించింది. వెనక్కి జరిపింది, మళ్లీ చూసింది, మళ్లీ అట్లాగే కనిపించింది. ఇక ఒంటరిగా మోయలేక పిలిచింది.

"అత్తా, ఒకసారి రా."

రోశమ్మ వచ్చి తెరకు దగ్గరగా వంగింది. కొడుకును గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. నోట్లో కొంగు కుక్కుకుంది.

"నేను ఆ ముఖాలు పెట్టలేదత్తా. నువ్వు పెట్టమన్నా పెట్టలేదు. అందుకే తోలినారు," అన్నది స్వర్ణలత. "అందుకే నన్ను అట్ల సూస్తాండాడు."

రోశమ్మ చాలాసేపు చూసింది. ఆపమన్నది, మళ్లీ కదపమన్నది. తర్వాత కోడలి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుకు స్వర్ణలత తల కొంచెం వంగింది.

"వాడిది కోపం మొఖం కాదే. వానికి కోపమొస్తే పైపెదవి లోపలికి పోతాది, వాళ్ల నాయన మాదిరి. ఇది పోలే. ఈ వీడియో తిరిగి తిరిగి నీ కాడికే వస్తాదని వానికి తెలుసు. నిన్ను సూస్తాండాడు, అంతే." కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. "పెట్టమన్నది నేను. నువ్వు కోసిందే సూపించినాడంటే వాడు నీ మాటే ఇన్నాడు. మంచి పని చేసినాడు."

అప్పుడు స్వర్ణలత కోయడం మొదలుపెట్టింది. తల తిప్పుకున్నవాళ్లు ఎందుకు తిప్పుకున్నారో ఆమెకు తెలియదు. ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చారేమో, అవతలి పక్షానికి చిక్కితే ఈ ముఖమే సాక్ష్యం అవుతుందని భయమేమో. వాళ్లను తీసేసింది. వాళ్ల చేతులు, సంచులు, లారీ చక్రాలు, జెండా, ఆఫీసరు నవ్వు, పాట. నేరుగా చూసిన ఆ ఒక్క ముఖాన్ని ఉంచింది, పాట అయిపోయినా కోయకుండా పొడుగ్గా ఉంచింది. పెళ్లి వీడియోల చివర స్టూడియో పేరు, ఫోన్ నంబరు వేస్తారు గదా, అట్లా తీగల అంచు వేసి, తీగలో తీగగా గుండ్రటి తెలుగు అక్షరాలు కూర్చింది. సురేంద్ర, మార్కాపురం. కింద తన నంబరు.

"అది సూసి వానికేమన్నా చేస్తారేమో," అన్నది తనే భయపడి.

"దాచి ఏం బాగుపడినాం," అన్నది రోశమ్మ. "మోసం చేసి తోలకపోయినారని కూడా రాయి."

అదీ రాసింది.

పంపాక ఆఫీసరు నుంచి ప్రశ్న వచ్చింది. ఈ అలంకారం గీతలు ఏమి అని. స్వర్ణలత అత్త వైపు ఒకసారి చూసింది. 'మా వైపు దీవెన' అని కొట్టి పంపింది. అవతలినుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. ఈ లారీలో అతను పట్టుకోవాల్సినవాళ్లు ఎవరూ లేరు; ఆఫీసరుకు తొందర ఎక్కువ, తన నవ్వు తెర మీద ఉంటే మిగతాది పట్టదు.

ఆ సినిమా నెట్‌లోకి పోయింది. పోయాక అది ఎవరిచేతా ఆగదు. ఫోన్‌లు రావడం మొదలైంది. గల్ఫ్ నుంచి ఒకతను, హైదరాబాదు నుంచి టీవీవాళ్లు, ఊరికే తిట్టడానికి ఒకడు. అందరూ ఆమెను అడిగేవాళ్లే, ఆమెకు చెప్పేది ఒక్కరి దగ్గరా లేదు. సురేంద్ర ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదు. మోగిన ప్రతిసారీ రోశమ్మ 'వాడేనా' అన్నట్టు చూసేది, స్వర్ణలత తల అడ్డంగా ఊపేది.

సాయంత్రం వచ్చిన ఫోన్‌లో ఒక పెద్దాయన గొంతు. ముండ్లమూరు నుంచి. పేరు రంగయ్య అని చెప్పుకున్నాడు.

"అమ్మా, మీ ఆయన పక్కన ఒక పిల్లోడు కూర్చున్నాడు గదా. భుజమొకటే కనపడతాంది, మొఖం రాలే. మా రాజేష్ ఆ దేశమే పోయినాడు. గోడౌను పనని చెప్పి తీసకపోయినారు. సంకురాత్రి నుంచి ఫోన్ లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "భుజం వంచేది మావాని మాదిరే ఉంది. ముసలి కండ్లు, నమ్మేటట్టు లేవు. మొఖం నీ కాడుందా తల్లీ?"

స్వర్ణలత కంప్యూటరు ముందు కూర్చుంది. తీసేసినవన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. లారీ వెనక చెక్క, సురేంద్ర, పక్కన భుజం. ఆ పిల్లవాడు మొదటినుంచి చివరిదాకా తల తిప్పుకునే ఉన్నాడు. ముందుకూ వెనక్కూ జరిపింది. లారీ గుంతలో పడి కుదిపినప్పుడు ముఖం ఇటు తిరిగింది. ఇరవై దాటి ఉండవు. ఏడ్చి ఉన్నాడు.

"ఉంది బాబాయ్. తల తిప్పుకునే ఉండాడు, ఒక్కసారే ఇటు తిరిగినాడు," అన్నది.

ఫోన్‌లో ఎవరో ఆడమనిషి వెనకనుంచి ఏమైందని అడుగుతోంది.

"ఎవురికీ సూపించొద్దులే అమ్మా. వాడు దాచుకున్నాడంటే ఏదో ఉండే ఉంటాది," అన్నాడు రంగయ్య. "నాకొక్కనికి పంపుతావా?"

"మీకొక్కరికే పంపుతా బాబాయ్," అన్నది స్వర్ణలత, పంపించింది.